మీరడిగారు: సొరచేప పళ్ళ టవల్, దాని మీద అమ్మాయి, ఇంకొన్ని సందేహాలు

ఎండలు ముదిరాయంటే చాలు, గోపాలపూర్ బీచ్ ఊసు లేకుండా మాకు ఉత్తరాలు రావు. ఈసారి చిత్రంగా సగం ఉత్తరాలు ఒకే వస్తువు చుట్టూ తిరిగాయి. రెండో ప్రపంచయుద్ధం నాటి విమానాల బొమ్మలు అచ్చేసిన పెద్ద బీచ్ టవల్ అట. ఎవరో అమెరికా నుంచి తెచ్చారు, ఎవరో ఆన్‌లైన్లో కొన్నారు, ఒకాయనైతే అమ్ముతున్నారు కూడా. అందుకే ఈ నెల మొత్తం శీర్షిక దానికే ఇచ్చేశాం. మిగతావాళ్ళు కొంచెం ఓపిక పట్టండి.

మా మేనల్లుడు అమెరికా నుంచి వస్తూ ఒక పెద్ద టవల్ తెచ్చాడు. దాని మీద సొరచేపలా పళ్ళు బయటపెట్టిన పాత విమానం ఒకటి, వెనకాల ఇంకో పెద్ద విమానం ముందు భాగం మీద ఈత దుస్తుల్లో కూర్చున్న అమ్మాయి బొమ్మ, పక్కన వరసగా బుల్లి బుల్లి బాంబులు. మా అత్తగారేమో ‘మేడ మీద ఆరేయకు, వీధంతా చూస్తుంది’ అంటారు. మావారేమో ‘ఇది చరిత్ర, మీకు తెలీదు’ అంటారు. అసలు విమానం మీద ఆ అమ్మాయికి ఏం పని? – ఒక గృహిణి, బరంపురం

ఇద్దరి మాటా నిజమేనమ్మా, అదే తంటా.

దాన్ని నోజ్ ఆర్ట్ అంటారు, అంటే విమానం మూతి మీద వేసిన బొమ్మ. ఆ యుద్ధంలో అమెరికా వాళ్ళ బాంబర్ విమానాలు ఫ్యాక్టరీ నుంచి అచ్చు గుద్దినట్టు ఒకేలా వచ్చేవి, తోక మీద ఒక నంబరు తప్ప తేడా ఉండేది కాదు. బి-17 లాంటి దాంట్లో పదిమంది కుర్రాళ్ళు ఎక్కేవాళ్ళు. చాలామంది ఇరవై ఏళ్ళ వాళ్ళు, ఇల్లు వదిలి సముద్రం దాటి వచ్చినవాళ్ళు, రేపు తిరిగొస్తామో లేదో తెలీనివాళ్ళు. తమ విమానానికి ఒక పేరు, ఒక బొమ్మ కావాలనుకున్నారు, ఆ వయసు కుర్రాళ్ళకి ఏ బొమ్మ తోస్తుందో అదే వేయించుకున్నారు. పత్రికల్లో వచ్చే అందగత్తెల బొమ్మలు చూసి, యూనిట్‌లో కుంచె పట్టడం వచ్చినవాడెవడుంటే వాడి చేత గీయించుకునేవాళ్ళు. పై అధికారులు చూసీ చూడనట్టు ఊరుకున్నారు. అమెరికా నౌకాదళం మాత్రం అంత చనువు ఇవ్వలేదు.

వీటిలో అందరికంటే పేరుపడ్డది మెంఫిస్ బెల్ అనే బి-17 విమానం. పైలట్ రాబర్ట్ మోర్గన్ ప్రేమించిన అమ్మాయి మార్గరెట్ పోక్‌ది మెంఫిస్ నగరం, ఆ పేరు అలా వచ్చింది. బొమ్మేమో జార్జ్ పెట్టీ అనే చిత్రకారుడు ఎస్క్వైర్ పత్రికకి వేసినదాన్ని చూసి టోనీ స్టార్సర్ అనే సైనికుడు విమానం మీదికి ఎక్కించాడు. విమానానికి ఎడమవైపు అమ్మాయి బట్టలు నీలం, కుడివైపు ఎరుపు. మీ టవల్ మీద ఆ పేరే ఉంటే ఓసారి చూసుకోండి, చాలా చోట్ల ఏదో ఒక రంగు వేసి వదిలేస్తారు. 1943 మేలో ఆ విమానం 25 దాడులు పూర్తిచేసి స్వదేశానికి వెళ్ళి, యుద్ధ బాండ్లు అమ్మిపెట్టడానికి ఊరూరా తిరిగింది. ఇప్పుడు ఒహాయోలోని డేటన్ మ్యూజియంలో ఉంది.

ఇక ఆ బుల్లి బాంబులు. ఒక్కో బొమ్మ ఒక్కో దాడికి వెళ్ళి ప్రాణాలతో తిరిగొచ్చినదానికి గుర్తు. ఇంగ్లండ్ నుంచి జర్మనీ మీదికి వెళ్ళే అమెరికా సిబ్బందికి అప్పట్లో 25 సార్లు వెళ్ళొస్తే ఇంటికి పంపించే లెక్క ఉండేది, 1943లో ఆ పాతిక పూర్తిచేసినవాళ్ళ కంటే చేయలేకపోయినవాళ్ళే ఎక్కువ. నన్నడిగితే ఆ టవల్ మీద చూడాల్సింది అమ్మాయిని కాదు, ఆ బాంబుల వరసని. ఎన్నున్నాయో లెక్కపెట్టండి.

ఇంకో మాట, ఆ వరసలో చిన్న స్వస్తిక్ గుర్తులు కూడా ఉంటే మీ అత్తగారు శుభమనుకుని దండం పెట్టేలోపే చెప్పెయ్యండి, అవి కూల్చిన జర్మనీ విమానాల లెక్క.

ఆరేయడం సంగతా? బొమ్మ లోపలికి వచ్చేలా తిరగేసి ఆరేయండి. ఎండకి రంగు వెలవదు, వీధికి అమ్మాయి కనబడదు. టవల్‌కి ఎలాగూ అదే మంచిది కాబట్టి అత్తగారికి లొంగిపోయారని మీవారు దెప్పడానికి కూడా వీలుండదు.

నేను గోపాలపూర్‌లో బీచ్ దగ్గర చిన్న కొట్టు నడుపుతున్నాను. పర్యాటకులు అడుగుతున్నారని విమానం బొమ్మల టవళ్ళు హోల్‌సేల్‌లో తెప్పించాను. కాటన్ అని చెప్పి ఇచ్చారు. కొన్ని నీళ్ళు పీల్చడం లేదు, కొన్నింటి మీద బొమ్మ రెండు ఉతుకులకే పగుళ్ళిచ్చింది. కొన్నవాళ్ళు తెచ్చి మొహాన కొడుతున్నారు. కొనేముందు ఎలా కనిపెట్టాలి? – ఒక వ్యాపారి, గోపాలపూర్

మీరు చెప్పినదాన్ని బట్టి మీకు అంటగట్టింది ఒక రకం సరుకు కాదు బాబూ, రెండు రకాలు కలిపి ఇచ్చారు. నీళ్ళు పీల్చనిది ఒకటి, బొమ్మ పగిలేది ఒకటి, ఆ రెండు జబ్బులూ వేరు.

మొదట దారం పరీక్ష. టవల్ అంచు నుంచి ఒక పోగు లాగి, పట్టకారతో పట్టుకుని, ఆరుబయట ఒక పళ్ళెం మీద అగ్గిపుల్ల వెలిగించి అంటించండి. కాటన్ అయితే కాగితం కాలిన వాసన వస్తుంది, వేళ్ళతో నలిపితే బూడిద పొడి అయిపోతుంది. పాలిస్టర్ అయితే మంట తగలగానే ముడుచుకుని, కరిగి, చివర గట్టి పూసలా తయారవుతుంది. కొంచెం బూడిద, కొంచెం పూస కనబడితే మిక్సింగ్ అన్నమాట. అడుగు నేతలో ఉండే పోగు ఒకటి, పైన లేచి ఉండే లూపు పోగు ఒకటి, రెండూ విడివిడిగా కాల్చి చూడండి, ఎందుకంటే పైన కాటన్ పెట్టి లోపల పాలిస్టర్ నేసే సరుకు కూడా ఉంది.

తర్వాత తడి గుడ్డ. తెల్ల గుడ్డ ముక్క తడిపి బొమ్మలో ముదురు రంగున్న చోట గట్టిగా రుద్దండి, గుడ్డకి రంగు అంటితే ఆ సరుకు దింపుకోకండి. ఆఖరుగా ఒక నీటి చుక్క వేసి చూడండి. కొత్త టవల్‌కి మెత్తదనం కోసం ఫినిషింగ్ పూస్తారు కాబట్టి నీళ్ళు కాసేపు నిలబడొచ్చు, అందుకని ఒకదాన్ని ఉతికి ఆరేశాక వేస్తేనే అసలు సంగతి తెలుస్తుంది.

బొమ్మ ఎందుకు పగులుతుందంటే, చవకగా అచ్చు వేసేటప్పుడు రంగు పొడిని జిగురులాంటి బైండర్‌తో కలిపి గుడ్డ పైన అంటిస్తారు. రంగు దారంలోకి దిగదు, పైన పొరలా ఉంటుంది. చేత్తో తడిమితే అక్కడ బిరుసుగా తగులుతుంది, ఆ బిరుసే నీళ్ళు పీల్చనివ్వదు, ఆ బిరుసే పగులుతుంది. కాటన్ మీద సరిగ్గా చేయాలంటే రియాక్టివ్ రంగులు వాడాలి. అవి దారంతో రసాయనికంగా కలిసిపోతాయి, తర్వాత ఆవిరి పట్టి, మిగిలిపోయిన రంగు పోయేదాకా కడగాలి. ఖర్చు ఎక్కువ. అయినా అలా చేసిన టవల్ మీద బొమ్మ ఉన్నచోటూ లేనిచోటూ చేతికి ఒకేలా ఉంటుంది.

పాలిస్టర్ సంగతి వేరు. దానికి సబ్లిమేషన్ అని ఒక పద్ధతి ఉంది. బొమ్మని ముందు కాగితం మీద అచ్చేసి, గుడ్డ మీద పెట్టి, సుమారు 200 డిగ్రీల వేడిలో నొక్కితే రంగు ఆవిరై దారంలోకి దూరిపోతుంది. విమానం రెక్క మీద మేకులు కూడా ఒక్కొక్కటీ కనబడేంత సన్నగా బొమ్మ వస్తుంది, పగలదు. కాటన్ మీద ఈ పద్ధతి పనిచేయదు. అంచేత ఫోటోలా నిగనిగలాడే బొమ్మ, వెనక తెల్లగా, చేతికి తేలిగ్గా, ధర కూడా తక్కువ అంటే అది మైక్రోఫైబర్ పాలిస్టరే అయ్యుంటుంది, అమ్మినవాడు ఏ ఒట్టు వేసినా సరే. అది చెడ్డ సరుకేమీ కాదు, ఇసుక తక్కువ అంటుతుంది, గంటలో ఆరుతుంది. మీరు దాన్ని పాలిస్టర్ అని చెప్పి అమ్మండి, ఎవరూ తెచ్చి మొహాన కొట్టరు.

వెలూర్ అని ఇంకో రకం ఉంది, కాటనే. బొమ్మ వేసే వైపు లూపుల తలలు కత్తిరించి మఖ్మల్‌లా నున్నగా చేస్తారు, వెనక లూపులు అలాగే ఉంటాయి. బొమ్మ బాగా కుదురుతుంది, తుడుచుకోవడానికి మాత్రం వెనక వైపే పనికొస్తుంది.

బరువు కూడా చూసుకోండి. జీఎస్ఎం అంటే చదరపు మీటరుకి ఎన్ని గ్రాములని. 75 సెంటీమీటర్ల వెడల్పు, 150 పొడవు ఉన్న టవల్ 1.125 చదరపు మీటర్లు. 400 జీఎస్ఎం అని చెప్పి ఇస్తే ఒక్కోటి 450 గ్రాములు తూగాలి. కొట్లో తక్కెడ ఉంటుందిగా, మూటలోంచి ఏదో ఒకటి తీసి తూచండి. బిల్లు మీద ‘నూరు శాతం కాటన్’ అని రాయించుకోండి, రాయనంటే మీకు జవాబు దొరికినట్టే.

పెట్టుబడి పెట్టగలిగితే సోలాపూర్ వైపు చూడండి. అక్కడి టెర్రీ టవల్‌కి భౌగోళిక గుర్తింపు ఉంది, అక్కడ మగ్గాల పనిలో మన తెలుగు పద్మశాలీలు తరాలుగా ఉన్నారు, బేరం తెలుగులోనే ఆడొచ్చు. జకార్డ్ అనే మగ్గం మీద నేసిన బొమ్మ అచ్చు బొమ్మ కాదు, పోగులోనే ఉంటుంది, చిరిగేదాకా పోదు. కాకపోతే అమ్మాయి మొహం, సొరచేప పళ్ళు అంత సన్నగా నేతలో రావు, రెండు మూడు రంగుల్లో మోటుగా వస్తాయి. నాకైతే అదే నచ్చుతుంది, మీ పర్యాటకుల సంగతి మీకే తెలియాలి.

ఆన్‌లైన్లో కొన్న టవల్ మీద సొరచేప మూతి విమానం ఉంది. దాని రెక్క మీద తెల్ల నక్షత్రం, నక్షత్రం మధ్యలో ఎర్ర చుక్క, అటూ ఇటూ తెల్ల పట్టీలు. మా హాస్టల్లో ఒకడు ఇదంతా తప్పు అంటున్నాడు. నిజమేనా? అసలు ఈ విమానాలు మన వైపు వచ్చాయా? – ఒక విద్యార్థి, గుణుపూర్

మీ హాస్టల్ కుర్రాడు గట్టివాడే. అమెరికా గుర్తులో నక్షత్రం మధ్య ఎర్ర చుక్క మొదట్లో ఉండేది. జపాన్ గుర్తు ఎర్ర సూర్యుడు కదా, గాలిలో తొందరలో చూసి సొంతవాళ్ళనే కాల్చేసుకుంటున్నారని 1942 మేలో ఆ చుక్క తీసేశారు. పక్కన తెల్ల పట్టీలు 1943 మధ్యలో వచ్చాయి. చుక్క పోయిన ఏడాదికి పట్టీలు వస్తే రెండూ ఒకేచోట ఎలా ఉంటాయి? ఇదే కారణంతో మన వైపు ఎగిరిన బ్రిటిష్ విమానాల గుండ్రటి గుర్తులోంచి కూడా ఎరుపు తీసేసి నీలం, లేత నీలం మిగిల్చారు. టవల్ మీద బర్మా అడవి గీసి, పైన స్పిట్‌ఫైర్‌కి ఎర్ర చుక్క పెడితే అదీ అనుమానించాల్సిందే.

ఆ పళ్ళ కథ ఇంకా బావుంటుంది. ఆ విమానం పి-40. మూతి కింద రేడియేటర్‌కి గాలి పోవడానికి పెద్ద కన్నం ఉంటుంది, అది ఎలాగూ తెరిచిన నోరులా ఉంది కాబట్టి పళ్ళు అక్కడ అమిరిపోయాయి. ముందు జర్మనీ వాళ్ళ ఒక దళం తమ విమానాలకి వేసుకుంది, దాన్ని చూసి ఉత్తర ఆఫ్రికాలో బ్రిటిష్ వాళ్ళ 112వ స్క్వాడ్రన్ పి-40లకి వేసింది, వాళ్ళ ఫోటో పత్రికలో చూసి బర్మాలో ఉన్న ఫ్లయింగ్ టైగర్స్ వేసుకున్నారు. పేరేమో పులి, బొమ్మేమో సొరచేప. వీళ్ళు క్లెయిర్ షెనాల్ట్ అనే అధికారి కింద చైనా కోసం పోరాడిన అమెరికన్ వలంటీర్లు, అందుకే వాళ్ళ రెక్కల మీద ఉండాల్సింది అమెరికా నక్షత్రం కూడా కాదు, పన్నెండు కిరణాల చైనా సూర్యుడు. 1942 జూలై 4న ఆ దళాన్ని రద్దు చేశారు, ఆ తర్వాతే పళ్ళ పక్కన నక్షత్రం చేరింది.

మన వైపు వచ్చాయా అన్నారు. అంతకంటే ముందు మనవాళ్ళే వాటి దగ్గరికి వెళ్ళారు. గంజాం, విశాఖ, శ్రీకాకుళం ఊళ్ళల్లో ‘రంగం వెళ్ళాడు’ అనే మాట మీ తాతగారి నోట వినే ఉంటారు. రంగం అంటే రంగూన్. గోపాలపూర్ నుంచే పొగ ఓడలెక్కి రేవుల్లోనూ ధాన్యం మిల్లుల్లోనూ పనికి వెళ్ళేవాళ్ళు. 1941 డిసెంబర్ 23న, మళ్ళీ 25న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేసినప్పుడు పైన వాటిని అడ్డుకున్నది బ్రిటిష్ విమానాలు, ఈ సొరచేప మూతి పి-40లు. కింద రేవులో పరిగెత్తిన జనంలో మన తెలుగువాళ్ళున్నారు. 1942 మార్చిలో రంగూన్ పడిపోయింది, లక్షల మంది భారతీయులు అరకాన్ దారినో అస్సాం కొండల్లోంచో నడిచి వచ్చారు, దారిలో చనిపోయినవాళ్ళు వేలల్లో ఉన్నారు. మీ టవల్ మీద బొమ్మకీ మనకీ చుట్టరికం అక్కడుంది. అమ్మినవాళ్ళకి ఆ సంగతి తెలిసే అవకాశం లేదు. మీ ఊళ్ళో పెద్దవాళ్ళెవరైనా ఉంటే ఇప్పుడే వెళ్ళి అడగండి.

ఆ తర్వాత నెల, 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడ మీద బాంబులు వేశాయి. అదే రోజుల్లో బంగాళాఖాతంలో మన తీరం వెంబడి వర్తక ఓడలు చాలా ముంచేశారు. 1944కి వచ్చేసరికి కథ తిరగబడింది. మనం హౌరా మెయిల్లో దాటిపోయే ఖరగ్‌పూర్ చుట్టుపక్కల నుంచి అమెరికా బి-29 బాంబర్లు లేచేవి, వాటి మొట్టమొదటి దాడి 1944 జూన్ 5న బ్యాంకాక్ మీద. హిమాలయాలు దాటి చైనాకి సరుకు మోసినప్పుడల్లా మూతి మీద బాంబుకి బదులు ఒంటె బొమ్మ వేసుకున్న విమానాలు వాటిలో ఉన్నాయి. హిమాలయాల మీది ఆ దారిని వాళ్ళు ‘హంప్’, అంటే మోపురం అనేవాళ్ళు, మోపురం దాటడం కదా మరి. ఒంటె ఉన్న టవల్ ఎక్కడైనా దొరికితే నాకూ చెప్పండి. మన ఒడిశాలోనే మయూర్‌భంజ్‌లో రసగోవిందపూర్ దగ్గర అమర్దా రోడ్ అనే యుద్ధకాలపు రన్‌వే ఇంకా ఉంది.

మా నాన్నగారు సునాబెడలో విమాన ఇంజిన్ల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యారు. పుట్టినరోజుకి ఇలాంటి టవల్ ఇద్దామనుకుంటున్నాను. సంతోషిస్తారా? – ఒక కూతురు, సునాబెడ

ఇవ్వమ్మా, కానీ మెచ్చుకుంటారని ఆశ పెట్టుకోకు. మిగ్‌ల ఇంజిన్ల కోసం 1964లో ఫ్యాక్టరీ వెలిసిన ఊరు మీది, ఆ మిగ్-21ని వాయుసేన 2025 సెప్టెంబర్ 26న సాగనంపింది. అలాంటి చోట జీవితమంతా పనిచేసినాయన ఫ్యాన్ రెక్కల విమానం బొమ్మ చూస్తే ముందు తప్పులు వెతుకుతారు, ఎగ్జాస్ట్ గొట్టాలు లెక్కపెడతారు, ఇది ఇలా ఉండదు అంటారు, సాయంత్రమంతా అదే చెబుతారు. ఆయన సంతోషం అలాగే ఉంటుంది, పక్కన కూర్చుని విను. ఒక్కటే జాగ్రత్త, కోరాపుట్ ముసురులో మందపాటి కాటన్ టవల్ ఆరి చావదు, వాసన కొడుతుంది. పల్చటిది చూసుకో.

వాళ్ళ విమానాలు మనకెందుకు? మిగ్-21 బొమ్మ, వెనక మువ్వన్నెల జెండా పెట్టి టవళ్ళు వేయించి పూరీ, గోపాలపూర్‌లలో అమ్ముదామని నేనూ మా బావా అనుకుంటున్నాం. ఇబ్బందేమైనా ఉందా? – ఒక యువకుడు, పర్లాకిమిడి

జెండా దగ్గరే ఇబ్బంది. జాతీయ గౌరవానికి భంగం కలిగించే పనులను నిషేధించే 1971 చట్టం ప్రకారం జాతీయ జెండాని దిండ్ల మీద, చేతి రుమాళ్ళ మీద, న్యాప్‌కిన్ల మీద అచ్చు వేయడం కూడా అవమానం కిందకే వస్తుంది. తడి ఒళ్ళు తుడుచుకునే గుడ్డ మీద జెండా వేసి, ‘అది టవల్, న్యాప్‌కిన్ కాదు’ అని వాదించుకుంటూ తిరుగుతారా మీరూ మీ బావా? జెండా తీసెయ్యండి. తోక మీదా రెక్క మీదా ఉండే మూడు రంగుల గుర్తుల జోలికి కూడా పోకుండా ఆకారం మాత్రం వేసుకుంటే టెన్షన్ ఉండదు.

రెండోది, నెట్‌లో కనబడ్డ పెయింటింగ్ దించుకోకండి. మన దేశంలో చిత్రకారుడు బతికున్నన్నాళ్ళూ, పోయాక ఇంకో 60 ఏళ్ళూ ఆ బొమ్మ హక్కు ఆయనదీ ఆయన వారసులదీ. విమానం పాతదైనా దాన్ని నిన్నగాక మొన్న గీసినవాడి బొమ్మ పాతది కాదు. బరంపురంలో బొమ్మలు గీసే కుర్రాళ్ళకి కొదవా? ఒకరికి డబ్బిచ్చి కొత్తగా గీయించుకోండి, హక్కులు మీకు ఇచ్చినట్టు కాగితం రాయించుకోండి. బావ అయినా సరే, వాటాల సంగతి కూడా అదే కాగితం మీద పడితే మంచిది.

ఎలా ఉతకాలి? ఇసుక ఎలా వదిలించాలి? – చాలామంది

ఇసుక తడి మీద దులపకండి, లోపలికి దిగుతుంది. ఆరాక దులపండి, అదే రాలుతుంది. సముద్రం నుంచి రాగానే మంచినీళ్ళలో జాడించాలి, ఉప్పు ఉండిపోతే గుడ్డ బిరుసెక్కుతుంది. మొదటి రెండుసార్లు విడిగా, చన్నీళ్ళలో ఉతకండి. మెత్తదనం కోసం కంఫర్ట్ లాంటివి పోయకండి, అవి పోగు మీద పొర కట్టి నీళ్ళు పీల్చనివ్వవు, కాటన్‌కైనా మైక్రోఫైబర్‌కైనా అదే మాట. మైక్రోఫైబర్‌ని వేడి ఇస్త్రీ చేస్తే పోగు పాడవుతుంది, చేయకండి. బ్లీచింగ్ అసలు వద్దు.